జింకల సీజన్‌కు ముందు తుపాకీ గురి సరిచూసుకోండి

టెక్సస్‌లో జింకల సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఆ ముందు వారం కాల్పులు సాధన చేసే రేంజిలో బెంచీ దొరకడం కష్టం. దొరికినా వెనక జనం కాచుక్కూర్చుంటే చెయ్యి నిలవదు. ఈ పని సెప్టెంబరులోనే కానిచ్చేయండి.

బయల్దేరే ముందు లైసెన్సు తేదీ చూసుకోండి. టెక్సస్ వార్షిక హంటింగ్ లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో గడువు తీరిపోతుంది. హెచ్‌-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. తుపాకీ, తూటాలు దగ్గర పెట్టుకోవడానికి ఫెడరల్ చట్టంలో వాళ్లకున్న ముఖ్యమైన మినహాయింపు చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సే.

ఇక తుపాకీ సంగతి. గురి తప్పుతోందనగానే చాలామంది చెయ్యి స్కోపు (గురి చూసే దుర్బీను) టరెట్ మీదికి, అంటే గురి జరిపే మర మీదికి పోతుంది. అది ఆఖరున ముట్టుకోవాల్సింది. ముందు తుపాకీ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి, స్కోపును పట్టి ఉంచే రింగుల మరలు, వాటి కింది బేసు మరలు, స్టాకు (తుపాకీ కర్ర) మరలు పరీక్షించండి. ఏడాదంతా ట్రక్కులో ఎగిరెగిరి పడ్డ రైఫిల్‌కు ఇవి వదులవడం మామూలే. అలాగని బలమంతా పెట్టి బిగిస్తే స్కోపు గొట్టం నొక్కుకుపోతుంది. కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే), టార్క్ రెంచితో బిగించండి.

తర్వాత తూటాలు. 150 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) తూటాలతో సరిచేసిన .308 రైఫిల్లో 180 గ్రెయిన్లవి వేస్తే గుండు వేరేచోట తగులుతుంది. బరువు ఒకటే అయినా కంపెనీ మారితే తేడా రావచ్చు. సేల్‌లో కొన్న చవక తూటాలతో జీరో చేసి (గురి కుదిర్చి), ఖరీదైనవి వేటకు పట్టుకెళ్లే పొదుపు మనవాళ్లకు కాస్త ఎక్కువ. వేటకు ఏవి వాడతారో వాటితోనే గురి చూడండి.

25 గజాల దగ్గర మొదలుపెట్టి, గుండు కాగితం మధ్యకు వచ్చాక 100కి వెళ్లండి. చాలా స్కోపుల్లో టరెట్‌ను ఒక క్లిక్ తిప్పితే 100 గజాల దగ్గర గుండు పావు అంగుళం జరుగుతుంది. అక్కడ అంగుళం జరపడానికి 4 క్లిక్కులు చాలు, 25 దగ్గర 16 కావాలి. తుపాకీ ముందుభాగంలో కర్రను ఇసుక సంచి మీద ఆనించండి, బ్యారెల్‌ను మాత్రం దేనికీ ఆనించొద్దు. ఒక్క గుండు చూసి టరెట్ తిప్పకండి. మూడు కాల్చి, వాటి నడిమధ్య ఎక్కడుందో చూసి తిప్పండి. సన్నటి వేట బ్యారెల్ ఇట్టే వేడెక్కుతుంది, వేడెక్కితే గుళ్లు చెదిరిపోతాయి. బోల్టు తెరిచి, నీడలో పెట్టి చల్లారనివ్వండి.

జింక మీద పేలేది చల్లటి బ్యారెల్‌లోంచి వెళ్లే మొదటి గుండు. కాబట్టి ఇంకో రోజు వెళ్లి, బ్యారెల్‌లో నూనె లేకుండా తుడిచి, కొత్త కాగితం మీద ఒక్కటే కాల్చి చూడండి. నా లెక్కలో దానికున్న విలువ మిగతా పెట్టె మొత్తానికి లేదు.

ఇన్ని చేసినా గుళ్లు చెదురుతుంటే అనుమానం మన మీదికి రావాలి. స్నేహితుణ్ని తూటాల మధ్య మీకు తెలియకుండా ఒక డమ్మీ (పేలని తూటా) పెట్టమనండి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు 'టిక్'మని మాత్రమే వినిపించి, తుపాకీ మొన కిందికి కుంగిందా? పేలుడుకు ముందే భుజం బిగుసుకుంటోందన్నమాట. దానికి మందు ఖాళీ తుపాకీతో సాధన, చెవులకు మంచి రక్షణ.

ఒక్క దెబ్బకు చాలా చిన్న గుళ్లు చిమ్మే షాట్‌గన్ లెక్క వేరు. 40 గజాల దగ్గర పెద్ద కాగితం పెట్టి కాల్చి, గుళ్లు దట్టంగా పడ్డచోట 30 అంగుళాల వృత్తం గీసి లెక్కపెట్టండి. గొట్టం మొన దగ్గరి ఇరుకును చోక్ అంటారు; ఫుల్ చోక్‌కు సుమారు 70 శాతం, మాడిఫైడ్‌కు 60, ఇంప్రూవ్డ్ సిలిండర్‌కు 50 శాతం గుళ్లు అందులో పడాలి. శాతం కన్నా గుళ్ల మధ్య పిట్ట పట్టేంత ఖాళీలున్నాయా అన్నదే నేను ముందు చూస్తాను. బాతులకు సీసపు గుళ్లు అమెరికా అంతటా 1991 నుంచి నిషేధం. స్టీల్ గుళ్లు వాడేముందు మీ చోక్ వాటిని తట్టుకునేదేనా కనుక్కోండి.

జేబులో 12, 20 గేజి (గొట్టం సైజు; 20 కన్నా 12 పెద్దది) తూటాలు కలపకండి. 20 గేజివి పసుపు రంగులో ఉండేది అందుకే. అది 12 గేజి గొట్టంలోకి జారి ఇరుక్కుంటే, వెనక ఇంకో తూటా పేల్చినప్పుడు బ్యారెల్ పగులుతుంది. పేలినప్పుడు చప్పుడు బలహీనంగా వచ్చినా అక్కడే ఆగి, తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలోంచి వెలుతురు ఇటునుంచి అటు కనిపిస్తోందో లేదో చూశాకే రెండో తూటా వేయండి.