తొలకరికి ముందు తారు రోడ్డు వేస్తున్నారా? డెన్సిటీ వేడి మీదే చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు కదా, తారు ఇప్పట్లో చల్లారదులే అని సైట్లో చాలామందికి ధీమా. శ్రీకాకుళం జిల్లాలో, అందులోనూ పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం పక్కన, ఆ ధీమా వద్దు. సముద్రపు గాలి తగిలితే 30 మిల్లీమీటర్ల పొర చూస్తుండగానే చల్లబడుతుంది. గాలి గంటకు 40 కిలోమీటర్లు దాటితే పని ఆపాలని నిబంధనే ఉంది. వీజీ-30 రకం తారు కలిపిన కంకర మిక్స్ పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలు ఉండాలి, 90కి పడిపోయేలోపు రోలింగ్ ముగియాలి. ఆ తర్వాత వైబ్రేషన్ పెడితే కంకర పగలడమే తప్ప డెన్సిటీ, అంటే పొర సాంద్రత, పెరగదు.

అందుకే డెన్సిటీ కొలిచే గేజీని మర్నాటికి దాచకండి. రోలర్ రెండు మూడు సార్లు తిరగ్గానే ఒక రీడింగ్, ఆపైన ప్రతి ట్రిప్పుకీ ఒకటి తీసుకోండి. రీడింగ్ పెరగడం ఆగిందంటే రోలింగ్ చాలు. కావలసింది గరిష్ఠ సైద్ధాంతిక సాంద్రతలో (మిక్స్‌లో గాలి ఖాళీలే లేకపోతే ఉండే సాంద్రత) కనీసం 92 శాతం. ఖాళీలు 8 శాతం మించితే ఒకదానితో ఒకటి కలిసిపోయి వాన నీటికి దారి ఇస్తాయి.

అణుధార్మిక మూలం లేని గేజీతో అసలు చిక్కు తడి. అది చూసేది డైఎలక్ట్రిక్ విలువ, అంటే విద్యుత్ క్షేత్రానికి ఆ పదార్థం ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె. తారు మిక్స్‌కి అది 5 చుట్టుపక్కల ఉంటే, నీళ్లకి 80 దాకా ఉంటుంది. రోలర్ డ్రమ్ము నుంచి కారిన తడి మీద గేజీ పెడితే లేని డెన్సిటీ కనిపిస్తుంది, బిల్లుకి భలే బాగుంటుంది! పొడి గుడ్డతో తుడిచి, మధ్యలో ఒకటి, చుట్టూ నాలుగు తీసి సగటు వేయండి. రెండు పట్టీలు కలిసే జాయింటు దగ్గరి రీడింగులు విడిగా రాయండి, తక్కువొచ్చేది అక్కడే.

రీడింగ్ తీయడానికి రోలర్ వెనక మోకాళ్ల మీద కూర్చున్న కుర్రాడు డ్రైవరుకి కనబడడు. రోలర్ ఆగి, డ్రైవరు చెయ్యి ఊపాకే గేజీ కింద పెట్టాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

గేజీ అంకెను ఒక్కదాన్నే నమ్మకండి. గేజీ పెట్టిన గుర్తుల మీదే, పొర చల్లారాక కోర్లు (పొరలోంచి గుండ్రంగా కోసి తీసే ముక్కలు) తీయించి, వాటి సాంద్రతతో తేడా చూసి గేజీని సరిచేసుకోండి. క్వారీ మారినా, మిక్స్ మారినా మళ్లీ మొదటినుంచీ. తీసిన కోర్లను ఎండలో జీపు వెనక పడేస్తే వంగిపోతాయి, నీడలో చదునుగా పెట్టండి. ఆ గుంతల్ని అదే రోజు వేడి మిక్స్‌తో పొరలుపొరలుగా దిమ్మిస కొట్టి పూడ్చండి.

పడమట మబ్బు పట్టిందంటే ముందు మిక్స్ పంపే ప్లాంటుకి ఫోన్ చేయండి, మిక్స్ పరిచే పేవర్ సంగతి తర్వాత. దారిలో ఉన్న టిప్పర్లకి టార్పాలిన్ ఉందో లేదో అప్పుడే అడగండి.