చదువుకుంటూ చిరు వ్యాపారం – 3వ పాఠం: ప్యాకెట్ నిజంగా ఎంత పడింది?

పోయిన పాఠంలో రోజువారీ చిట్టా మొదలుపెట్టాం. వారం రాశారా? రాయకపోతే ఇక్కడే ఆగి, రాసి రండి. ఈ పాఠానికి ఆ అంకెలే కావాలి.

బీటెక్ రెండో ఏడాదిలో అమ్మా నేనూ చెక్కలు చేసి హాస్టళ్లలో అమ్మేవాళ్లం. 100 గ్రాముల ప్యాకెట్ 20 రూపాయలు. ఎగబడి కొనేవారు. కొనరా మరి! ఎందుకో చూడండి (ధరలు ఉదాహరణకే, మీ ఊరివి వేసుకోండి).

కిలో బియ్యప్పిండి 60. పెసరపప్పు, వెన్న, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు కలిపి 60. నూనె 55. మూకుట్లో పోసిందంతా కాదు, పిండి పీల్చుకున్నదీ, నల్లబడిందని పారబోసిందీ. గ్యాస్ 25, కవర్లూ లేబుళ్లూ 20. మొత్తం 220.

చల్లారాక తూస్తే 1,400 గ్రాములు. అందులో 100 గ్రాములు విరిగిన ముక్కలు. అవి తమ్ముడు తినేస్తాడు, డబ్బులివ్వడు. కాబట్టి 220ని 13తో భాగించాలి, 14తో కాదు. ప్యాకెట్ సుమారు 17 పడింది. కవరు బరువు తీసేసి తూచడం మరవకండి.

ప్యాకెట్‌కి 3 చొప్పున వాయికి (అంటే కిలో పిండికి) 40 రూపాయలు మిగిలాయని మురిసిపోయాను. ఇద్దరం మూడేసి గంటలు పొయ్యి దగ్గర నిలబడ్డాం. గంటకు 7 రూపాయలు కూడా పడలేదు!

"ఇంట్లో పనేగా" అనుకోవడం దగ్గరే అందరం బోల్తా పడతాం. గంటకు 50 కట్టుకుందాం. ఆరు గంటలకు 300. అంటే ప్యాకెట్ అసలు ఖర్చు 40. అంత పెడితే హాస్టల్లో కొనేవాళ్లు తగ్గుతారు.

దారి ఉంది. మూడు కిలోలు ఒకేసారి చేస్తే సరుకు ఖర్చు మూడింతలవుతుంది గానీ సమయం కాదు. పొయ్యి వెలిగించడం, సర్దుకోవడం, గిన్నెలు కడగడం ఒక్కసారే. మాకు అయిదు గంటలు పట్టింది. 660కి ఇద్దరి కూలి 500 కలిపితే 1,160. 39 ప్యాకెట్లకు పంచితే 30 లోపే. 35కి అమ్మాం. అయితే మెత్తబడకముందే 39 అమ్ముడవ్వాలి. అందుకే ముందు ఆర్డర్లు, తర్వాతే పిండి కలపడం.

క్లాసు ఎగ్గొట్టి వేయించారనుకోండి. జేఎన్‌టీయూ కాలేజీల్లో హాజరు 75 శాతం కంటే తగ్గి కండొనేషన్ ఫీజు (ఆ తక్కువను మన్నించడానికి కట్టేది) కడితే, దాన్నీ చెక్కల ఖర్చులోనే రాయండి.

అభ్యాసం: మీ సరుకుకు ఇదే లెక్క రెండుసార్లు కట్టండి, ఒక వాయికీ మూడు వాయిలకూ. గంటలు గడియారం చూసి రాయాలి, గుర్తున్నంత కాదు. వచ్చే పాఠం అరువు గురించి. "రేపిస్తా" అన్న మీ మిత్రుల పేర్లు సిద్ధంగా ఉంచుకోండి.