కాయ మీద రాసిన నంబరు మారకుండా కంపెనీ మార్చడం

మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరండి. కొబ్బరికాయల వ్యాపారం. నా ఫోన్ నంబరు మా షెడ్డు రేకు మీద ఎర్ర రంగుతో రాసుంది, అంబాజీపేట షావుకార్ల పుస్తకాల్లో ఉంది, దింపు కుర్రాళ్ళలో ఒకడైతే పచ్చికాయ మీద బొగ్గుతో రాసి పట్టుకెళ్ళాడు. అలాంటి నంబరు మార్చుకోమంటే ఎవడు మార్చుకుంటాడు? అందుకే సిగ్నల్ లేకపోయినా రెండేళ్ళు ఓర్చుకున్నాను. ఇంట్లో ఫోన్ మోగితే కాలవ గట్టు మీదకి పరుగెత్తి మాట్లాడేవాణ్ణి. చివరికి నంబరు అదే ఉంచి కంపెనీ మార్చాను. ఆ తర్వాత మా ఊళ్ళో పదిమందికి దగ్గరుండి మార్పించాను కాబట్టి, ఎక్కడెక్కడ కాలు జారుతుందో తెలిసింది.

ముందు ఏ కంపెనీకి మారాలో తేల్చుకోండి, కాగితం పని తర్వాత. ఒకసారి మారితే 90 రోజులు కదలడానికి లేదు. షాపువాడు బస్టాండులో కూర్చుని 'ఫుల్ సిగ్నల్ అండీ' అంటాడు, బస్టాండులో అన్నిటికీ ఫుల్లే. నేనేం చేశానంటే, సెలవులకొచ్చిన మా బావమరిది కొడుకు ఫోన్ అడిగి తీసుకుని, పడగ్గదిలో, పెరట్లో, లంకలో ఉన్న మా తోటలో, గోదావరి దాటించే పంటు రేవులో నిలబడి ఒక్కో కాల్ చేశాను. తోటలో ఒక కంపెనీ బాగుంది, ఇంట్లో ఇంకోటి. నాకు తోట ముఖ్యం, లారీ ఫోన్లన్నీ అక్కడే వస్తాయి.

ఇంట్లో పెద్దవాళ్ళది పాత బటన్ల ఫోన్ అయితే ఇంకో సంగతి చూడాలి. జియోకి 2జీ లేదు, పాత 2జీ బటన్ ఫోన్లో ఆ సిమ్ పనిచెయ్యదు, 4జీ ఫోన్ కావాలి. ఇది చూసుకోకుండా మా వీధిలో ఒకాయన వాళ్ళమ్మగారి నంబరు మార్చేసి, మూడోరోజు కొత్త ఫోన్ కొనాల్సొచ్చింది.

రెండోది, నంబరు ఎవరి పేరున ఉంది? మనవైపు ఇదే పెద్ద చిక్కు. మా పక్కింటి వదిన వాడేది వాళ్ళాయన మస్కట్ వెళ్ళకముందు ఆయన ఆధార్ మీద తీసిన సిమ్. పోర్ట్ అంటే కంపెనీ మారడమే గాని పేరు మారడం కాదు. పేరున్న మనిషే వచ్చి, ఫొటో దిగి, ఆధార్ చూపించాలి. ఆవిడ సంక్రాంతికి ఆయనొచ్చేదాకా ఆగింది. పేరు మార్పిడి దరఖాస్తు నడుస్తుండగా పోర్ట్ అడిగితే కంపెనీ మారడానికి కావలసిన కోడ్ ఇవ్వరు, అది పూర్తయ్యాక అడగాలి. మీ ఆధార్ మీద ఏయే నంబర్లున్నాయో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. నా పేరున నేనెరగని నంబరొకటి అక్కడే బయటపడింది.

ఇక అసలు పని. ఏ నంబరు మార్చాలో ఆ సిమ్ నుంచే మెసేజ్ పంపాలి. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో పి, ఓ, ఆర్, టి అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, పదంకెల నంబరు కొట్టి 1900కి పంపండి. రెండు సిమ్ముల ఫోన్ అయితే ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మెసేజ్ రెండో సిమ్ నుంచి వెళ్ళిపోతుంది, 'కోడ్ రాలేదేంటి బాబూ' అంటూ మన దగ్గరకొస్తారు. రీఛార్జిలో మెసేజులు లేవు కదా అని ఆగిపోకండి. ఎంత చిన్న రీఛార్జి ఉన్నా 1900కి మెసేజ్ వెళ్ళనివ్వాలని, ఫోన్ కంపెనీల మీద అజమాయిషీ చేసే ట్రాయ్ 2021 డిసెంబరులో కంపెనీలకు చెప్పింది.

అర్హత ఉంటే అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఎనిమిది ఉండే కోడ్ వస్తుంది. లేకపోతే ఎందుకు లేదో చెబుతూ మెసేజ్ వస్తుంది, అది చదవండి. చేరి 90 రోజులు కాకపోవడం, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉండడం మామూలు కారణాలు. నాకు తగిలింది ఇంకోటి. నరసాపురం రేవులో పంటు దిగుతుంటే జేబులోని ఫోన్ వశిష్ఠ గోదావరిలో పడింది. అదే నంబరుకి మర్నాడే కొత్త సిమ్ తీసుకున్నాను, ఎలాగూ చేతికొచ్చింది కదా అని ఆ మర్నాడే పోర్ట్ అడిగాను. కుదరదు పొమ్మని మెసేజ్ వచ్చింది. పోయిన సిమ్ బదులు కొత్తది తీసుకుంటే ఏడు రోజులు గడిచేదాకా కోడ్ ఇవ్వకూడదని 2024 జులై 1 నుంచి నియమం. మన సిమ్ పోయిందని దొంగ వెళ్ళి డూప్లికేటు తీసుకుని, వెంటనే వేరే కంపెనీకి మార్చేసి బ్యాంకు ఖాళీ చేయకుండా ఈ కట్టడి పెట్టారు. విన్నాక కోపం తగ్గింది గాని, ఆ వారం మళ్ళీ కాలవ గట్టే గతి అయింది.

కోడ్ నాలుగు రోజులే ఉంటుంది. అంచేత షాపుకి వెళ్ళే రోజు పొద్దున్నే తీసుకోండి. నేను దగ్గరుండి చేయించిన మొదటిది ఇలాగే వృథా అయింది, భోగికి ముందు కోడ్ తీశాం, పండగ మూడు రోజులూ కోళ్ళ బరుల దగ్గరే గడిచాయి, కనుమ వెళ్ళాక చూస్తే గడువైపోయింది. మళ్ళీ అడిగితే ఇచ్చారనుకోండి. కోడ్‌ని కొత్త సిమ్ ఇచ్చే మనిషికి తప్ప ఎవరికీ చెప్పొద్దు, ఫోన్ చేసి అడిగేవాడికి అసలే వద్దు.

షాపులో ఆధార్, కోడ్ ఇస్తే కొత్త సిమ్ చేతిలో పెడతారు. ఒలుపు పని చేసే వాళ్ళ వేళ్ళు అరిగిపోయి వేలిముద్ర పడదు, దానికి కంగారు పడొద్దు, ఫొటో తీసి చేసే పద్ధతి అడగండి. ఆ రోజు నుంచి పాత కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి బతిమాలతారు, ఆఫర్లు చెబుతారు. నాకు రెండేళ్ళలో ఒక్కసారీ సిగ్నల్ గురించి అడగని వాళ్ళు రెండు రోజుల్లో ఐదుసార్లు పలకరించారు. నిజంగానే మనసు మారితే, షాపులో దరఖాస్తు ఇచ్చిన 24 గంటల్లోగా ఇంగ్లీషులో సి, ఏ, ఎన్, సి, ఇ, ఎల్ అని కొట్టి, ఖాళీ వదిలి, నంబరుతో 1900కి పంపితే ఆగిపోతుంది.

నంబరు మారడానికి మన సర్కిల్ లోపలైతే, అంటే ఫోన్ కంపెనీల లెక్కలో మన ప్రాంతం లోపలైతే, మూడు పనిదినాలు, వేరే సర్కిల్ నంబరైతే ఐదు. తెలంగాణ కూడా ఆంధ్రప్రదేశ్ సర్కిల్లోనే ఉంది కాబట్టి హైదరాబాదులో తీసిన సిమ్‌కీ మూడే. చెన్నై, బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లలవి ఐదు. ఆదివారాలూ పండగలూ లెక్కలోకి రావు. అప్పటిదాకా పాత సిమ్ ఫోన్లోనే ఉంచండి. దానికి సిగ్నల్ పోయాక కొత్తది వెయ్యండి. మధ్యలో ఎటూ పనిచెయ్యని సమయం మహా అయితే నాలుగు గంటలు. నాది రాత్రిపూట జరిగింది, తెల్లారేసరికి తోటలో లారీ డ్రైవర్ ఫోన్ వచ్చింది, పాత నంబరుకే.

పాత రీఛార్జిలో మిగిలింది మాత్రం పోయినట్టే, కొత్త కంపెనీకి రాదు. ఏడాది రీఛార్జి చేయించుకున్న నెలకే మారదామని వచ్చినాయనకి ఆగమని చెప్పాను. గడువు పది రోజులుందనగా మొదలుపెడితే సరిపోతుంది. ఆధార్, బ్యాంకు, గ్యాస్ దగ్గర ఏమీ మార్చక్కర్లేదు, నంబరు అదే కదా. ఫోన్‌పే లాంటివి మాత్రం సిమ్ మారిందని గుర్తుపట్టి మళ్ళీ సరిచూడమని అడగొచ్చు, ఆ రోజు సంతకి వెళ్ళేటప్పుడు కాస్త డబ్బు జేబులో పెట్టుకోండి.

పాత సిమ్ విరిచి పారేసే ముందు ఒకసారి బటన్ ఫోన్లో వేసి చూడండి. మా అమ్మ దాచుకున్న నంబర్లన్నీ సిమ్‌లోనే ఉన్నాయి, పాలావిడ దగ్గర్నుంచి కువైట్‌లో మా చెల్లి దాకా. నలభై రెండు నంబర్లు కూర్చుని కాగితం మీద ఎక్కించాను, ఆయ్.