లైఫ్ జాకెట్ బకిల్ వదులు చేయొద్దు సామీ!

పోయిన ఆదివారం చెన్నై దగ్గర బ్యాక్‌వాటర్‌లో మా జట్టు డ్రాగన్ బోటు తిరగబడింది. గాలి లేదు, అల లేదు. ఎడమ వైపు ఒకరు జారిన నీళ్ల బాటిల్ కోసం వంగారు, ఏమైందో చూద్దామని ముందూ వెనకా ఉన్నోళ్లు కూడా అటే తొంగిచూశారు, అంతే.

డ్రాగన్ బోటంటే 20 మంది తెడ్లేసేవాళ్లు, ముందు డప్పు, వెనక చుక్కాని. మాలో సగం మందికి 60 దాటాయి. జాకెట్ వేసుకోవాలని ఎవరికీ చెప్పక్కర్లేదు, 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో ఏం జరిగిందో అందరికీ గుర్తుంది. నేను చెప్పేది బకిల్ గురించి. మా అన్నొకాయన పుత్తూరులో ఆగి ఇడ్లీలు గట్టిగా లాగించాడు, పడవలో వంగితే పొట్ట నొక్కుతోందని కింది బకిల్ తీసేసి పైది వదులు చేసుకున్నాడు. నీళ్లలో పడగానే జాకెట్ పైకి లేచి చెవుల దాకా వచ్చింది, మనిషి మాత్రం కిందికి జారాడు. జాకెట్ తేలుతోంది, ఆయన నోరు మునుగుతోంది. పక్క పడవలోని కుర్రాడు మెడ పట్టీ దొరకబుచ్చుకుని లాగాడు కాబట్టి సరిపోయింది.

ఇలా జాకెట్ పైకి లేవడం నేను చూడటం ఇది మూడోసారి. మూడుసార్లూ పొట్ట దగ్గరి బకిలే.

ఇంటి దగ్గర: బీపీ, షుగర్ మాత్రలు ఎప్పటిలాగే వేసుకోండి, మీ అంతట మీరు మానొద్దు. కడుపు నిండా తినొద్దు, ఖాళీ కడుపుతోనూ రావొద్దు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కుతాను, నాకేంటి అనే ధీమా ఇక్కడ పనికిరాదు. మెట్లకు కాళ్లు కావాలి, తెడ్డుకు నడుము తిరగాలి, భుజం తట్టుకోవాలి. రెండు వారాలు ఒడ్డున కుర్చీలో కూర్చుని ఆ కదలిక అలవాటు చేసుకోండి.

పడవలో: ఒరిగితే అంచు పట్టుకోవద్దు, లేచి నిలబడొద్దు. తెడ్డును నీటి మీద పరిచి నొక్కండి, పడవ నిలదొక్కుకుంటుంది. బాటిల్ పడితే పడనీ. బకిల్ మాత్రం వదులు చేయొద్దు.

తిరగబడితే పడవను వదలొద్దు, ఒడ్డు దగ్గరే కదా అని ఈదొద్దు. పక్క సీటు మనిషి కనిపిస్తున్నాడా చూడండి, సీటు వరసలో పేర్లు పిలవండి. పడవ కిందికి దూరొద్దు. కళ్లజోడుకు తాడు కట్టుకోండి. జీన్స్ వద్దు. ఉరుము వినబడితే ప్రాక్టీస్ అయిపోయినట్టే, నవంబరు వానల్లో మన దగ్గర ఇది మామూలే. తిరుపతి దగ్గరి కల్యాణి డ్యామ్‌లో ట్రై చేద్దామా అని మళ్లీ అడగొద్దు, అది తాగే నీళ్లు. ఛాతీలో బిగుతుగా ఉంటే గ్యాస్ అని సర్దిచెప్పుకోవద్దు, తెడ్డు పైకెత్తి అరవండి. రాత్రి మందేసినోళ్లు పొద్దున రావొద్దు. కింది బకిల్ కూడా పెట్టుకోండి, కింది బకిల్!

వచ్చే ఆదివారం ఒక్కొక్కరి భుజాల దగ్గర జాకెట్ నేనే పట్టుకుని పైకి లాగి చూస్తాను. గడ్డం దాటి లేచిందంటే ఒడ్డునే కూర్చోవాలి, డప్పు కొట్టడానికి కూడా ఎక్కించను.