ఒకేలా కనిపించే డైవ్ వాచీల్లో మీకు నప్పేది ఎలా తేల్చుకోవాలి?

డైవ్ వాచీ అంటే నీటి అడుగున ఈతకు తట్టుకునేలా చేసిన వాచీ. నల్ల డయల్, డయల్ చుట్టూ తిరిగే రింగు (బెజెల్), స్టీల్ చైన్. రోలెక్స్ సబ్‌మెరైనర్, ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం, ట్యూడర్ బ్లాక్ బే 58 పక్కపక్కన పెడితే కొత్తవాళ్లకు మూడూ ఒకటే. ధరల్లో మాత్రం లక్షల తేడా. అందుకే తొందరపడకండి.

1. ముందు ఇంట్లో ఉన్న వాచీల పెట్టె తెరవండి. అందులో నల్ల డయల్ డైవ్ వాచీ ఇప్పటికే ఉంటే, కొత్తది దానికంటే ఏ పనికి మేలో ఒక్క మాటలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఇంకో రకం చూడండి.

2. డయామీటర్ చూసి మోసపోకండి. బ్లాక్ బే 39 మి.మీ., ఇప్పటి సబ్‌మెరైనర్ 41, సీమాస్టర్ 42. చేతి మీద అసలు తేడా తెలిసేది చైన్ తగిలించే కొమ్ముల దగ్గర, అంటే లగ్స్ దగ్గర. పై లగ్ చివర నుంచి కింది లగ్ చివరి దాకా ఎంతో కనుక్కుని, అంత పొడవున కాగితం ముక్క కత్తిరించి మణికట్టు మీద అడ్డంగా పెట్టండి. అంచులు బయటికి వస్తే ఆ వాచీ వదిలేయండి.

3. విశాఖలో ఉండేవాళ్లకు అన్నింటికంటే ముఖ్యమైన పరీక్ష చెమట. నా మొదటి స్టీల్ వాచీకి ఏసీ షోరూంలో కొలత తీయించుకున్నాను. ఆ మే నెల సాయంత్రం బీచ్ రోడ్డులో కుర్సుర సబ్‌మెరైన్ దగ్గరికి నడిచేసరికి చెయ్యి ఉబ్బి, చైన్ లింకుల అచ్చులు ఎర్రగా చర్మం మీద పడ్డాయి. అందుకే ఎండలో పావుగంట నడిచి, అదే ఊపులో షోరూంలోకి వెళ్లి పెట్టుకుని చూడండి. చైన్‌ను మూసే కొక్కెం, అంటే క్లాస్ప్ కూడా మీరే విప్పి చూడండి. సబ్‌మెరైనర్ క్లాస్ప్‌లో గ్లైడ్‌లాక్ అనే సర్దుబాటు ఉంది, పనిముట్టు లేకుండా 2 మి.మీ. చొప్పున వదులు చేసుకోవచ్చు. సీమాస్టర్‌లోనూ చేత్తోనే సర్దుకోవచ్చు. 2018లో వచ్చిన మొదటి బ్లాక్ బే 58లో అయితే పిన్ను తీసి పక్క రంధ్రంలో పెట్టాలి. మన ఉక్కపోతకు ఈ ఒక్క తేడా చాలా పెద్దది.

4. వాచీలు మార్చి మార్చి పెట్టుకునేవాళ్లు పవర్ రిజర్వ్, అంటే చేతి నుంచి తీశాక వాచీ ఎన్ని గంటలు నడుస్తుందో చూడాలి. సబ్‌మెరైనర్, ఆ మొదటి బ్లాక్ బే 58 దాదాపు 70 గంటలు నడుస్తాయి, సీమాస్టర్ 55. శుక్రవారం రాత్రి 7కి తీసి సోమవారం ఉదయం 7కి పెట్టుకుంటే 60 గంటలు. అప్పటికి సీమాస్టర్ ఆగిపోయి ఉంటుంది. కానీ అయస్కాంతాల దగ్గర సీమాస్టర్ గట్టిది, 15,000 గాస్ (అయస్కాంత బలానికి కొలత) దాకా తట్టుకుంటుంది. స్పీకర్ల మధ్య పనిచేసేవాళ్లు అదే తీసుకోండి.

నీటి లోతు గురించి టెన్షన్ వద్దు. 200 మీటర్ల బ్లాక్ బే కూడా రుషికొండలో ఈతకు ఎక్కువే. ఉప్పునీటి నుంచి బయటికి రాగానే మంచినీళ్లతో కడిగి, లింకుల మధ్య పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. కడిగే ముందు క్రౌన్ (టైమ్ సర్దడానికి పక్కన తిప్పే మర) పూర్తిగా బిగించారో లేదో చూడండి.

5. డబ్బు కట్టేటప్పుడు: 10 లక్షలు దాటిన వాచీకి 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తున్నారు. రిటర్న్ వేసేటప్పుడు అది సర్దుబాటు అవుతుంది కాబట్టి బిల్లు మీద పాన్ నంబర్ సరిగ్గా పడిందో లేదో అక్కడే చూసుకోండి.