పెయ్య బరువు తెలుసుకోవడానికి పురికొస చాలు

మా చీపురుపల్లి వైపు ఊళ్లలో పశువుల్ని తూచే కాటా ఉండదు. పెయ్య ఎదకొచ్చింది, చూడి కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించాలా, ఆగాలా అన్నదే టెన్షన్. పశువుల ఆసుపత్రి అసిస్టెంట్ గారు చెప్పిన లెక్క ఇది, బాగా పనికొస్తోంది.

పెయ్యని చదునైన చోట నిలబెట్టి, ముందుకాళ్ల వెనకగా ఛాతీ చుట్టూ పురికొస చుట్టండి. టైలర్ టేపు 60 అంగుళాలే ఉంటుంది, ఎదిగిన పెయ్యకి చాలదు; అందుకే పురికొస చుట్టి, ఆ కొసని టేపు మీద పెట్టి కొలవాలి. తర్వాత భుజం ముందు ఎముక నుంచి తోక పక్క పిరుదు ఎముక దాకా పొడవు. రెండూ అంగుళాల్లోనే. చుట్టుకొలతని చుట్టుకొలతతోనే హెచ్చించి, దాన్ని పొడవుతో హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు. చుట్టు 60, పొడవు 48 అయితే సుమారు 262 కిలోలు. సంకరజాతి పెయ్యకి 250 దాటాకే సూది వేయించడం మేలు.

నెలనెలా కొలవండి. నెలకి 10 కిలోలైనా పెరగకపోతే వట్టి ఎండుగడ్డి మీద ఉంచకుండా నేపియర్ పచ్చగడ్డితో పాటు పిల్లిపెసరో, అలసందో కలిపి వేయండి, నట్టల మందు సంగతీ డాక్టర్ గారిని అడగండి.

మేత మేసి, కుడితి తాగిన వెంటనే కొలవొద్దు, పొద్దున్నే కొలవాలి. చూడి పశువుకీ, చిన్న దూడకీ ఈ లెక్క సరిపోదు.