"అందరం త్యాగం చేయాలి" అన్నప్పుడు లెక్క ఎలా చూడాలి

ఆర్థిక సంక్షోభం రాగానే పై నుంచి ఒక మాట వస్తుంది: "కష్టకాలం, అందరం కొంత త్యాగం చేయాలి." ఆ వెంటనే కిందివాళ్ల జీతాలు తగ్గుతాయి, ఉద్యోగాలు ఊడతాయి. పైవాళ్లు ఏం వదులుకున్నారో మాత్రం ఎవరూ చెప్పరు. ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. కాకపోతే "దురాశాపరులు" అని తిట్టినంత మాత్రాన వాళ్లకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అంకె, తేదీ పట్టుకుని అడిగితే ఎవరో ఒకరు జవాబు చెప్పుకోక తప్పదు. నేను చాలా ఏళ్లు అకౌంట్స్ విభాగంలో వార్షిక నివేదికలు తయారుచేసినవాణ్ణి. ఏ సంగతి ఏ మూల పెడతామో తెలుసు కాబట్టి ఆ దారి చెప్తాను.

షేర్ మార్కెట్లో ఉన్న బ్యాంకుదైనా, కంపెనీదైనా వార్షిక నివేదిక వాళ్ల వెబ్‌సైట్లోనే దొరుకుతుంది. సంక్షోభం వచ్చిన ఏడాదిదీ, అంతకుముందు నాలుగేళ్లవీ దించుకోండి. ఛైర్మన్ ఉత్తరం, నవ్వుతున్న ఉద్యోగుల ఫొటోలు దాటేయండి. అవి మనం చూడాలని పెట్టినవి. మనకి కావలసినవి వెనక పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ముందు, డబ్బు ఎటు నుంచి వచ్చి ఎటు పోయిందో చూపించే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ తీయండి. అందులో డివిడెండ్లు (వాటాదారులకి పంచే లాభం), షేర్ల బైబ్యాక్ (కంపెనీ తన షేర్లని తానే తిరిగి కొనడం) అని రెండు వరుసలు ఉంటాయి. మంచి రోజుల్లో వాటాదారులకి ఎంత పంచేశారో అక్కడ తెలుస్తుంది. నాలుగేళ్లవీ కూడి, ఇప్పుడు ప్రభుత్వాన్ని అడుగుతున్న సాయం పక్కన రాయండి. మా కంపెనీలో ఇంక్రిమెంట్లు ఆపేసిన ఏడాదే డివిడెండ్ పెంచారు. ఆ రెండు కాగితాలూ నా టేబుల్ మీదుగానే వెళ్లాయి. ఇలాంటివి ఆపలేమని ఎవరైనా అంటే నమ్మకండి. 2020లో అమెరికా ప్రభుత్వం విమాన సంస్థలకి సాయం చేసినప్పుడు, కొంతకాలం బైబ్యాక్‌లు, డివిడెండ్లు కుదరవని చట్టంలోనే షరతు పెట్టింది.

తర్వాత పై అధికారుల ఆదాయం. "జీతం" అన్న వరుస దగ్గర ఆగితే మోసపోతారు. అసలు డబ్బు బోనస్‌లో, షేర్ల రూపంలో ఇచ్చేదాంట్లో ఉంటుంది. అమెరికాలో లిస్టెడ్ కంపెనీలు చాలావరకు, పై అధికారి ఆదాయం మధ్యస్థ ఉద్యోగి (జీతాల వరుసలో సరిగ్గా నడిమి మనిషి) ఆదాయానికి ఎన్ని రెట్లో 2018 నుంచి చెప్పాల్సి వస్తోంది. ఆ అంకె దొరకని చోట మొత్తం ఉద్యోగుల ఖర్చుని ఉద్యోగుల సంఖ్యతో భాగించండి. పైవాళ్ల జీతాలూ అందులోనే కలుస్తాయి కాబట్టి ఆ సగటు కాస్త పెంచే చూపిస్తుంది. అయినా తేడా కనబడుతుంది.

అన్నిటికన్నా నేను జాగ్రత్తగా చూసేది తేదీ. అమెరికాలోని పెట్టుబడుల బ్యాంకు మెరిల్ లించ్ సంగతి తీసుకోండి. 2008లో ఆ సంస్థ నష్టం 2,700 కోట్ల డాలర్లకి పైనే. బ్యాంక్ ఆఫ్ అమెరికా చేతికి వెళ్లింది 2009 జనవరి 1న. సరిగ్గా దానికి ముందు, డిసెంబరులోనే, దాదాపు 360 కోట్ల డాలర్ల బోనస్‌లు ఇచ్చేశారు. పది లక్షల డాలర్లు, ఆపైన అందుకున్నవాళ్లు దాదాపు 700 మంది. ఎంతమందికి ఎంత అందిందో న్యూయార్క్ అటార్నీ జనరల్ (ఆ రాష్ట్ర ప్రధాన న్యాయాధికారి) విచారణలో బయటపడింది. ఆయన కార్యాలయం 2009 జులైలో ఇచ్చిన నివేదిక ప్రకారం, ప్రభుత్వం దగ్గర 17,500 కోట్ల డాలర్లు తీసుకున్న తొమ్మిది బ్యాంకులు 2008కి పంచిన బోనస్‌లు 3,260 కోట్లు. అందుకే ఒక కాగితం మీద వరుసగా రాయండి: నష్టం ఎప్పుడు తెలిసింది, సాయం ఎప్పుడు అడిగారు, ఉద్యోగులని ఎప్పుడు తీసేశారు, బోనస్ ఎప్పుడు ఇచ్చారు.

ఇక ప్రశ్న రాయడం. ఒక్క వాక్యం చాలు, విశేషణాలు వద్దు: "ఫలానా నెలలో ఇంతమందిని తీసేశారు, ఫలానా నెలలో ఇంత బోనస్ ఇచ్చారు, ఈ నిర్ణయం ఎవరిది?" వాటాదారుల సమావేశంలోనో, యూనియన్ ద్వారానో, మీరు ఓటేసిన ప్రతినిధికి ఉత్తరంగానో పంపండి. బ్యాంకు కౌంటర్లో కూర్చున్న అమ్మాయి మీద మాత్రం అరవకండి. తర్వాతి జాబితాలో ఆమె పేరే ఉండొచ్చు.

జవాబు వస్తే సాధారణంగా ఇలా ఉంటుంది: "ముందే ఒప్పందం ఉంది, చట్టప్రకారం ఇవ్వాల్సిందే." 2009 మార్చిలో అమెరికా బీమా సంస్థ ఏఐజీ కూడా ఇదే చెప్పింది. ప్రభుత్వ సొమ్ముతో నిలబడ్డ సంస్థ, తనని ముంచిన విభాగం వాళ్లకే 16.5 కోట్ల డాలర్ల బోనస్‌లు ఇచ్చింది. అంకె బయటికొచ్చిన కొద్ది రోజులకే ప్రతినిధుల సభ ఆ బోనస్‌ల మీద 90 శాతం పన్ను వేసే బిల్లుని ఆమోదించింది. పై సభ అయిన సెనేట్ దాకా వెళ్లి అది ఆగిపోయింది గానీ, కొందరు డబ్బు వెనక్కి ఇచ్చారు. అదే ఏడాది సాయం తీసుకున్న కార్ల కంపెనీల్లో కార్మికుల ఒప్పందాలని మాత్రం తిరగరాశారు. కాబట్టి ఒప్పందం అనే జవాబు రాగానే రెండో ఉత్తరం సిద్ధం చేసుకోండి: ఆ ఒప్పందం మీద సంతకం ఏ తేదీన జరిగింది, అదే ఏడాది కార్మికులతో ఉన్న ఒప్పందాల్లో ఎన్నిటిని మార్చారు?